రెండో సీసా

మా గల్లీ అంతా నల్లా తాత అని పిలుచుకునే పెద్దాయన మొన్న పొద్దున కన్నుమూశారు. ఛత్రినాకలో పాలు పోస్తుంటే అమ్మ ఫోన్ చేసి చెప్పింది. క్యాన్ కింద పెట్టి రోడ్డు మీదే ఏడ్చాను.

ఆయన నీళ్ల శాఖలో లైన్‌మన్‌గా రిటైరయ్యారు. నల్లా వచ్చిన రోజు మొదటి నీళ్లను గాజు సీసాలో పట్టి, ఎండకు ఎత్తి చూసి, వాసన పీల్చి, గోడ మీద పెట్టేవారు. "కండ్లు మోసం జేస్తయి, ముక్కు జెయ్యదు బిడ్డా" అనేవారు. మేం నవ్వుకునేవాళ్లం.

కొన్నేళ్ల కిందట వానల్లో గల్లీలో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. ఇద్దరు పోయారు. వారిలో ఒకరు తాత భార్య. అధికారులు ఒక్క పూట తిరిగి, జబ్బు మా పాల నుంచే వచ్చిందని రాసుకుపోయారు. చిన్నప్పటి నుంచి మా పాలు తాగినవాళ్లే మమ్మల్ని చూసి తలుపులు వేసుకున్నారు. నాన్న బర్రెలను బేరానికి పెట్టాడు.

తాత ఒక్కరే నమ్మలేదు. "పాలు ముట్టనోళ్లకు గూడ ఎట్లొచ్చింది? ఎవలన్న అడిగిండ్రా?" అంటూ అంత దుఃఖంలోనూ ఇంటింటికీ తిరిగారు. జబ్బు పడ్డ ప్రతి ఇంట్లోనూ నల్లాకు నేరుగా బిగించిన మోటారు ఉంది. ధార సన్నగా వస్తోందని చాలామంది పెట్టించుకున్నవే. మోరీ కింద తవ్వి చూస్తే నల్లా పైపు పగిలి ఉంది. మోటారు గుంజినప్పుడల్లా మురుగు లోపలికి వచ్చేది.

ఆ మోటార్లు బిగించింది తాతే. ఊరుకుంటే ఎవరికీ తట్టేది కూడా కాదు. అధికారులు మళ్లీ వచ్చిన రోజు ఆయన అందరి ముందూ నిలబడ్డారు.

"పాల మీద రాసింది కొట్టెయ్యుండ్రి సార్. పలిగిన పైపు మీది, మోటర్లు వెట్టింది నేను. ఎప్పుడు మొదటి నీళ్లే జూసిన, మోటరేసినంక సూడకపోతి. నా ఇంటిదాన్ని గూడ నేనే..."

కాగితంలో ఏం మార్చారో నాకు తెలియదు. గల్లీ మాత్రం మళ్లీ మా పాలు పోయించుకుంది. బర్రెలు మా కొట్టంలోనే ఉండిపోయాయి. తాత తన చేత్తోనే మోటార్లన్నీ విప్పేశారు. అప్పటి నుంచి గోడ మీద రెండు సీసాలు పెట్టేవారు. ఒకటి మొదటి నీళ్లకు, ఒకటి ఆఖరి నీళ్లకు.

మొన్న నేను వెళ్లేసరికి ఆయనను లోపల పడుకోబెట్టారు. బయట నల్లా ఇంకా సన్నగా కారుతోంది. గోడ మీద మొదటి సీసా నిండుగా ఉంది, రెండోది ఖాళీగా ఉంది. నీళ్లు ఆగేలోపు అది నేను పట్టాను. ఎండకు ఎత్తి చూశాను. వాసన చూద్దామంటే ఏడ్చి ఏడ్చి ముక్కు మూసుకుపోయింది. ఏమీ తెలియలేదు.