ల్యాంపు రూము సలోమక్క

నిన్న షెడ్డులో ఒక పాత ఆటో బ్యాటరీ మూత విప్పగానే, గోళ్ళరంగు సీసా తెరిచినట్టు తియ్యటి వాసన కొట్టింది. లోపల ఏదో సెల్లు కారుతోందన్నమాట. వెంటనే బ్యాటరీని ఆరుబయటికి జరిపించాను. ఆ వాసనను గుర్తుపట్టడం నాకు నేర్పింది సలోమక్క. "మీటరు తర్వాత బిడ్డా, ముందుగాల ముక్కు" అనేది.

సలోమక్క గోదావరిఖనిలో ఒక బొగ్గుబాయి ల్యాంపు రూములో ముప్ఫై ఏళ్ళు పనిచేసింది. కిందికి దిగే ప్రతి కార్మికుడికీ టోపీ దీపమూ, నడుముకు కట్టుకునే దాని బ్యాటరీ కూడా ఇచ్చేది అక్కడే. భర్త పోయాక వచ్చిన ఉద్యోగం. మనిషి పొట్టి, గొంతు మాత్రం షిఫ్టు సైరను.

నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదివి, కరెంటు ఆటోలు, స్కూటర్లు బాగుచేసే షెడ్డు పెట్టిన కొత్తలో, రిటైరైన ఆమె తన స్కూటరును తోసుకుంటూ వచ్చింది. "బ్యాటరీ పోయిందక్కా, కొత్తది వెయ్యాలె" అన్నాను.

"పోయిందంటే ఏంది? సెల్లులన్నీ ఒక్కపారే పోయినయా?"

దగ్గరుండి విప్పించింది. నాలుగే చచ్చాయి, మిగతావి నిక్షేపంగా ఉన్నాయి. మర్నాడు పొద్దున్నే టిఫిన్ డబ్బా, కళ్ళద్దాలు పట్టుకుని మళ్ళీ వచ్చింది. "ఇంట్ల కూసుంటే మోకాళ్ళు నొస్తున్నయ్" అంటూ స్టూలు లాక్కుంది. ఇక వెళ్ళలేదు. ఆటోను లాగలేని బ్యాటరీ కూడా ఇంట్లో ఫ్యానును ఏళ్ళతరబడి తిప్పగలదని అప్పటినుంచే నాకు అర్థమవసాగింది. బాగున్న సెల్లులతో ఇళ్ళకు బ్యాటరీలు కట్టేవాళ్ళం. చచ్చినవాటిని లోహం తీసే కంపెనీకి పంపేవాళ్ళం.

ఆమె క్వార్టరు పక్కనే రాజయ్య కాక ఉండేవాడు. బాయిలో పనిచేసి ఊపిరితిత్తులు పాడుచేసుకున్న మనిషి, ఇంట్లో ఆక్సిజన్ యంత్రం మీదే బతుకు. కరెంటు పోతే ఇంటిల్లిపాదికీ గాబరా. రెండు పాత ఆటో బ్యాటరీలలోంచి ఏరిన సెల్లులతో ఆయనకొకటి కట్టాం. నిండా చార్జి ఎక్కించి, నాలుగు రోజులు ఊరికే ఉంచి, ఏ సెల్లు తనంతట తాను దిగుతుందో చూడాలి. కాక కోడలు పొద్దస్తమానం ఫోన్లు చేస్తుంటే నేను రెండో రోజే డబ్బా బిగించేశాను.

"చూసినవా?" అంది సలోమక్క.

"చూసిన అక్కా."

ఆమె కళ్ళద్దాలు తీసి నా మొహంలోకి చూసింది. "గీ బ్యాటరీ కట్టుకొని మీ నాయిన బాయిల దిగుతుండు అనుకో. ఇస్తవా?"

నాన్న అప్పటికింకా బాయి డ్యూటీకి వెళ్తూనే ఉన్నాడు. "రెండు రోజులే చూసిన" అన్నాను.

తిడుతుందనుకున్నాను. "అయితే ఇంక కాలే అని చెప్పు. అండ్ల సిగ్గేముంది?" అని తానే ఫోనందుకుని, ఇంకో రెండు రోజులు కరెంటు పోతే ఆక్సిజన్ సిలిండరుతో నడపమని కోడలికి చెప్పింది. నాలుగో రోజు చూస్తే ఒక సెల్లులో చార్జి సగానికి పడిపోయి ఉంది. దాని బదులు ముందే పరీక్షించి ఉంచిన ఇంకోటి వేసి, డబ్బాను యంత్రానికి దూరంగా కాక వాళ్ళ వరండాలో బిగించాం.

వారం తిరక్కుండానే మధ్యాహ్నం గాలివాన వచ్చి కరెంటు పోయింది. ఇద్దరం స్కూటరు మీద తడుస్తూ పరిగెత్తాం. యంత్రం నడుస్తోంది. రాజయ్య కాక గురకపెడుతున్నాడు. నేను కంగారులో భుజం తట్టాను.

"ఏందే పిల్లా! ఇప్పుడే మంచిగ నిద్ర పట్టింది, లేపుతవా?" అని విసుక్కున్నాడు.

సలోమక్క గోడ పట్టుకుని మరీ నవ్వింది. "కరెంటు పోయిందని ఆయనకు తెల్వనే తెల్వదు. మన పని గట్లుండాలె" అంది.

నిరుడు వానాకాలంలో ఆమె కన్నుమూసింది. ఇప్పుడు షెడ్డులో నాతోపాటు ఇద్దరమ్మాయిలు పనిచేస్తున్నారు. ఒకప్పుడు పని పూర్తికాలేదని చెప్పాలంటే తలకొట్టేసినట్టుండేది. మొన్న ఒక టైలరు అన్న తన కుట్టుమిషను బ్యాటరీ కోసం మూడోసారి వచ్చి, "ఇంకెన్ని రోజులు చెల్లే?" అని గొంతు పెంచాడు. "సెల్లులు చూసుడు ఇంక కాలే అన్నా. ఎల్లుండి రా" అన్నాను. ఆయన గొణుక్కుంటూ వెళ్ళాడు. అమ్మాయిలిద్దరూ నావైపు భయంగా చూశారు. నాకు మాత్రం హాయిగా నవ్వొచ్చింది.