పై ఇంట్లో నెమ్మదిగా వాయించినప్పుడు

నలుగురు కలిసి వాయించే క్వార్టెట్ కచేరీలో నెమ్మది భాగం మొదలవగానే నా చుట్టూ ఉన్నవాళ్ళు కళ్ళు మూసుకుంటారు. కొందరు తల వెనక్కి వాల్చి హాయిగా ఊపిరి వదులుతారు. మొన్న మోరిస్‌విల్ దగ్గర ఒక కచేరీకి వెళ్తే, పక్క సీట్లో కూర్చున్న పెద్దాయన విరామంలో నా వైపు తిరిగి, ఇది వింటే తనకు బీపీ మాత్ర అక్కర్లేదన్నాడు. నాకు మాత్రం పిడికిళ్ళు బిగుసుకుంటాయి. ఎవరినో ఒకరిని కొట్టాలనిపిస్తుంది. ఆ మాట పైకి అనలేదు కానీ, నా మొహం చూసే కాబోలు, పాపం ఆయన రెండో సగంలో కాస్త అవతలికి జరిగి కూర్చున్నాడు.

నేను ఈ సంగీతం మొదట విన్నది హాల్లో కాదు. న్యూజెర్సీలో, ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్‌లో, వంటింటి నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని విన్నాను. అప్పుడు నా జుట్టు మా ఆయన చేతిలో ఉంది.

పెళ్ళై వచ్చిన కొత్త. అతనిది హెచ్‌వన్‌బి, నాది అతని వెనకాల వచ్చిన డిపెండెంట్ వీసా. ఉద్యోగం చెయ్యడానికి లేదు, డ్రైవింగ్ రాదు, ఊళ్ళో నాకు తెలిసినవాళ్ళు లేరు. అతను కొట్టేవాడు. పప్పులో ఉప్పు ఎక్కువైందనో, మేనేజర్ ఏదో అన్నాడనో, మా అమ్మతో ఎక్కువసేపు మాట్లాడాననో. కారణం వెతుక్కోవడానికి ఎప్పుడూ పెద్దగా శ్రమపడలేదు.

ఆ ఇళ్ళన్నీ చెక్కవి. కింద తుమ్మితే పైన తెలుస్తుంది. చుట్టూ మనవాళ్ళే, అందరికీ ఆఫీసులో ఒకరికొకరు తెలుసు. అందుకని వారమంతా చప్పుడు కాని పనులు చేసేవాడు. చెయ్యి మెలిపెట్టడం, తొడ మీద గిచ్చడం, గొంతు మీద బొటనవేలు పెట్టి నా కళ్ళలోకి చూస్తూ నొక్కడం. చప్పుడయ్యేవన్నీ శనివారానికి దాచుకునేవాడు.

శనివారం సాయంత్రం పై ఇంట్లో నలుగురు చేరేవారు. వయొలిన్లు రెండు, వాటికన్నా కాస్త పెద్దదైన వయోలా ఒకటి, కాళ్ళ మధ్య నిలబెట్టి వాయించే చెల్లో ఒకటి. మొదటి భాగం మంచి ఊపు మీద మొదలయ్యేది. మా సీలింగ్ దడదడలాడేది. ఆ హోరులో అతను చెంపలు వాయించేవాడు, గోడకేసి కొట్టేవాడు, చెప్పు తీసుకునేవాడు. నేను అరిచినా నా అరుపు నాకే వినపడేది కాదు.

తరవాత పైన వేగం తగ్గేది. ఒక వయొలిన్ ఒకే స్వరం పట్టుకుని ఉండిపోయేది. ఇక తెగిపోతుంది అనుకున్న చోట కిందనుంచి చెల్లో వచ్చి దాన్ని మోసేది. అతను ఆగిపోయేవాడు. ఎత్తిన చెయ్యి దించేసేవాడు. జుట్టు మాత్రం వదలడు, మణికట్టుకి చుట్టుకుని అలాగే నిలబడి పైకి చూస్తూ వినేవాడు. నేను కింద, నోట్లో రక్తం మింగుతూ వినేదాన్ని. మా కాపురంలో మేమిద్దరం కలిసి చేసిన పని ఏదైనా ఉందంటే అదొక్కటే.

ఆ సంగీతానికి కరుగుతున్నాడని నమ్మాను. ఎంత బలంగా నమ్మానంటే, వీడిలో ఎక్కడో మనిషి ఉన్నాడు, ఈ నలుగురు వాణ్ణి బయటికి లాగుతున్నారు, ఏదో ఒకరోజు పూర్తిగా లాగేస్తారు అనుకున్నాను. పైన మళ్ళీ వేగం అందుకోగానే అతని చెయ్యి కూడా అందుకునేది. తప్పంతా ఆ వేగంగా వాయించడంలోనే ఉన్నట్టు పైవాళ్ళని తిట్టుకునేదాన్ని. ఎప్పుడూ నెమ్మదిగానే వాయించి చావొచ్చు కదా అనుకునేదాన్ని. మిగతా రోజుల్లో గిన్నెలు కడుగుతూ ఆ నెమ్మది పాటే కూనిరాగం తీసేదాన్ని. చెబితే నవ్వుతారు, కొట్టించుకుని మరీ శనివారం కోసం ఎదురుచూశాను.

ఒకరోజు కింద లాండ్రీ గదిలో బట్టలు వేస్తుంటే, తెల్లటి పొట్టి జుట్టు, ట్రాక్ ప్యాంటు వేసుకున్న ఒక పెద్దావిడ నన్ను తెలుగులో పలకరించింది. చూస్తే తెలుగావిడ అనుకోలేదు.

"కింద ఫ్లాట్ అమ్మాయివి నువ్వేనా? పోపు వాసనకే తెలుగువాళ్ళని కనిపెట్టా. నేను పైన ఉంటాను. మా గోల భరిస్తున్నందుకు థ్యాంక్స్ చెప్పాలి నీకు."

ఆమె డాక్టరుగా చేసి రిటైరైందట. వయోలా ఆమెదే.

"ఒక చిన్న రిక్వెస్ట్ అమ్మా. శనివారం కుక్కర్ పెడతావు చూడు, ఆ విజిల్ సరిగ్గా మా స్లో మూవ్‌మెంట్ మీద పడుతోంది. కాస్త ముందో వెనకో పెట్టుకోగలవా?"

"మిగతా టైమ్‌లో వినపడదా ఆంటీ?"

"ఫాస్ట్‌లో నలుగురం కుమ్మేస్తాం, కింద బాంబు పేలినా తెలీదు. స్లోకి వచ్చామంటే నీ గరిటె కింద పడ్డా వినిపిస్తుంది. అక్కడ ఒకళ్ళ ఊపిరి ఒకళ్ళం వినాలి, లేకపోతే నలుగురం కలిసి ఆగలేం." తువ్వాళ్ళు మడతపెడుతూ తనే మళ్ళీ అంది. "మీ వారికి మ్యూజిక్ ఇష్టం కాబోలు. మా చెల్లో వాయించే ఆయన్ని పార్కింగ్‌లో ఆపి అడిగారట, ఎప్పుడు స్టార్ట్ చేస్తారు, మధ్యలో ఎంతసేపు మెల్లగా వాయిస్తారు, మళ్ళీ ఎప్పుడు స్పీడ్ అవుతుంది అని. ఆయన ముచ్చటపడిపోయి అన్నీ వివరంగా చెప్పాడు."

ఆమె నా వైపు చూసి, "ఇంత ఎండల్లో ఫుల్ హ్యాండ్స్ ఏంటమ్మా?" అంది. ఏసీ చలి అన్నాను. ఆమె నమ్మలేదని తెలుస్తూనే ఉంది. "నేను పైనే ఉంటాను, ఎప్పుడైనా రా" అని మాత్రం అని వెళ్ళిపోయింది.

డ్రైయర్ తిరుగుతోంది. నేను దాని ముందే నిలబడి ఉన్నాను. కరిగాడనుకున్నవాడు వాకబు చేసుకుని ఆగాడు. అతను పైకి చూస్తూ విన్నది పాటని కాదు, అది ఎప్పుడు అయిపోతుందా అని. దెబ్బలకి రాని కోపం దీనికి వచ్చింది. కొడితే భరించాను, తిడితే భరించాను, పరాయి దేశంలో నాకంటూ దొరికిన ఒక్క మంచి విషయాన్ని కూడా తన దెబ్బల చప్పుడు కప్పిపుచ్చుకోవడానికి వాడుకున్నాడు. అతని గుండె చీల్చి చూడాలనిపించింది. నిజంగానే, కత్తితో. అంత కోపం నాలో ఉందని అప్పటిదాకా నాకు తెలియదు.

ఆ శనివారం నేను కుక్కర్ పెట్టలేదు. పైన మొదలైంది, ఇక్కడా మొదలైంది. ఆ రోజు కారణం కాఫీ చల్లారడం. మొదటి దెబ్బకే చెవిలో గీ అని మోత పట్టింది. రెండోదానికి పెదవి చీలింది. జుట్టు పట్టుకుని నా నుదురు కిచెన్ కౌంటర్ అంచుకి కొట్టాడు. నేను అరవలేదు. పళ్ళు బిగించి వేగం తగ్గడం కోసం ఎదురుచూశాను.

తగ్గింది. అతను ఆగాడు. వయొలిన్ తన స్వరం పట్టుకుంది, చెల్లో కిందనుంచి వచ్చింది. ఎప్పటిలాగే అందంగా ఉంది, అందుకు వాళ్ళ మీద కూడా కోపం వచ్చింది. ఆ పాట మధ్యలో నలుగురూ ఒక్కసారి వాయించడం ఆపి, ఊపిరి తీసుకుని, మళ్ళీ మొదలుపెట్టే చోటు ఒకటుంది. అది నాకు కంఠస్థం. కౌంటర్ మీద అల్లం దంచుకునే చిన్న రాతిరోలు ఉంది. రెండు చేతులతో దాన్ని దగ్గరికి లాక్కున్నాను. అతను పైకే చూస్తున్నాడు.

పైన ఆగారు.

ఉన్న బలమంతా పెట్టి లేచాను. కుదుళ్ళతో సహా ఒక పాయ అతని చేతిలో ఉండిపోయింది. రోలు ఎత్తి హాల్లో ఉన్న టీవీ మీదకి విసిరాను. అద్దం భళ్ళున పగిలింది. అప్పుడు అరిచాను. మాట కాదు, ఉత్త అరుపు. నా గొంతులో అంత చప్పుడు ఉందని నాకే తెలియదు. అతను మీద పడి నోరు మూస్తే చెయ్యి కొరికాను. వదిలించుకోవడానికి కడుపులో గుద్దాడు. అయినా వదల్లేదు.

పైన మళ్ళీ మొదలుపెట్టలేదు. కుర్చీలు జరిగిన చప్పుడు, ఆ తరవాత మెట్ల మీద అడుగులు. ఎవరో తలుపు బాదారు. కొరికిన చెయ్యి పట్టుకుని అతను గుడ్లప్పగించి చూస్తుంటే నేను పాక్కుంటూ వెళ్ళి గడియ తీశాను. ఎదురుగా ఆంటీ, చేతిలో వయోలా వాయించే కమాను అలాగే ఉంది. వెనక మిగతా ముగ్గురూ ఉన్నారు, చెల్లో ఆయన అప్పటికే ఫోన్‌లో 911 పోలీసులతో మాట్లాడుతున్నాడు.

పోలీసులు వచ్చేసరికి అతను చొక్కా మార్చుకున్నాడు. టీవీ స్టాండ్ మీంచి పడిందని, నేను కంగారులో జారి కౌంటర్‌కి తగిలానని చక్కటి ఇంగ్లిష్‌లో చెప్పాడు. మీటింగుల్లో మాట్లాడే గొంతు. చెప్పడం అయ్యాక నా వైపు తిరిగి, కాఫీ కావాలా అని అడిగినంత మెత్తగా తెలుగులో అన్నాడు.

"ఏం లేదని చెప్పు. చెప్పకపోతే వీసా క్యాన్సిల్ చేయించి పంపించేస్తా. కాదంటే ఇక్కడే చంపి పాతేస్తా, అడిగేవాడు లేడు నీకు."

గుమ్మంలో నిలబడ్డ ఆ తెల్లజుట్టావిడకి తెలుగు వస్తుందని అతనికి తెలియదు. ఆంటీ మొహం పాలిపోయింది. చెప్పడానికి నోరు తెరిచింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను.

ఏమన్నాడని పోలీసావిడ నన్ను అడిగింది. నిజం చెబితే ఈ దేశంలో ఉంటానో లేదో తెలియదు. చెప్పకపోతే ఈ ఇంట్లో బతికుంటానో లేదో తెలియదు. పెదవి చీలి మాట సరిగ్గా రావడం లేదు. ఒక్కొక్క మాటే ఇంగ్లిష్‌లోకి తెచ్చుకుని చెప్పడం మొదలుపెట్టాను. పాతేస్తా అన్నదగ్గర మాట తోచక ఆగిపోయాను. అతను అందుకోబోతే పోలీసావిడ చెయ్యెత్తి ఆపింది. గుమ్మంలో ఆ నలుగురూ కదలకుండా నిలబడి వింటున్నారు. ఎవరూ తొందరపెట్టలేదు. చివరి మాట దాకా చెప్పాను.