ఊట అయిందా?

నర్సమ్మగారు పోయారని సోమవారం బస్సు కండక్టరు చెప్పి వెళ్ళాడు. రాయచూరులో తమ్ముడింట్లో, పగటి నిద్రలో పోయారట. ఆ మాట వినగానే మా పిన్ని గదిలోకి వెళ్ళి గడియ వేసుకుంది. పిన్ని అలా గడియ వేసుకోక ఆరేళ్ళయింది.

కాలువ నీళ్ళు వచ్చిన కొత్తలో కృష్ణాజిల్లా నుంచి వచ్చి, కన్నడసీమలో బాళగనూరు దగ్గర వలస రైతుల క్యాంపులో వరి వేసినవాళ్ళం మేము. రెండో పంటకి, ఇంటి కింద నీళ్ళు నడుస్తున్నాయని, తనను పేరు పెట్టి పిలుస్తున్నాయని పిన్ని అనసాగింది. తర్వాత గదిలోంచి రావడం మానేసింది. నేను కాన్వెంటు నుంచి వేసవి సెలవులకు వచ్చేసరికి కాలువ ఎండిపోయి ఉంది. అయినా మధ్యాహ్నం పూట ఆ గదిలో ఎవరో నీళ్ళు తోడుతున్న చప్పుడు. తలుపు సందులోంచి చూశాను. పిన్ని ఒట్టి నేలను చెంబుతో తోడి, ఖాళీ బిందెలో పోస్తోంది.

"గాలి సోకిందిరా. గొలుసులేసి ఉంచే చోటుందంటగా, రేపు బండి కట్టు," అంది నాయనమ్మ. బాబాయి తల వంచుకున్నాడు.

ఆ రోజు గురువారం. నాయనమ్మ కాలిపుండుకు కట్టు మార్చడానికి నర్సమ్మగారు వచ్చారు. సర్కారు ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం నుంచి రిటైరై, బాళగనూరులో గది తీసుకుని ఉండేవారు. ఆవిడ తెలుగులో కన్నడం, ఉర్దూ కలిసిపోయి ఉండేవి. మూసిన తలుపు చూసి మామూలుగా పలకరించారు.

"ఏమమ్మ, ఊట అయిందా?"

కన్నడంలో ఊట అంటే భోజనం. మా కోస్తా చెవికి మాత్రం నేలలోంచి ఊరే నీరు.

లోపల చెంబు ఆగింది. గడియ తీసిన చప్పుడైంది.

"అయిందండీ, మంచం కింద," అంది పిన్ని. "మీకెలా తెలిసింది?"

నర్సమ్మగారు ఒక్క క్షణం తెల్లబోయారు. నవ్వలేదు. గడప మీద కూర్చున్నారు.

"నాకైతే కానొస్తలేదమ్మ. నీకు భయమైతుందా?"

అప్పటిదాకా ఆ మాట మాలో ఎవరమూ అడగలేదు.

బయటికొచ్చాక నాయనమ్మతో అన్నారు: "బండి వద్దు పెద్దమ్మా. గొలుసేస్తే చెవులు మూస్కుంటయా?"

"రేపు నీళ్ళొదిలాక కాలవలో దూకితే మీరొచ్చి తీస్తారా?"

"గందుకే పక్కన కూసోమంటున్న."

బండి కట్టలేదు. పెద్ద డాక్టరుకు చూపించి మాత్రలు ఇప్పించారు. ప్రతి గురువారం మమ్మల్నీ, క్యాంపు ఆడవాళ్ళనీ వసారాలో కూర్చోబెట్టి నేర్పేవారు. "ఉన్నదనొద్దు, లేదనొద్దు. నాకు వినొస్తలేదు, నీ పక్కకే ఉన్న అనుండ్రి." నాయనమ్మ మరిచిపోయి "ఏ నీళ్ళే, నీ మొహం!" అనేది. "పెద్దమ్మ మల్ల ఫెయిలైంది," అనేవారు ఆవిడ. నన్నూ వదల్లేదు. "పుస్తకంల మొకం దాచుకుంటే ఎట్ల పిల్లా? మీ పిన్నికి సదివి వినిపియ్యి."

మెల్లగా పిన్ని గదిలోంచి బయటికి రాసాగింది. నీళ్ళు పూర్తిగా పోలేదు, దూరం జరిగాయంటుంది.

ఈ సోమవారం నుంచి మేము వంతులవారీగా ఆ తలుపు బయట కూర్చున్నాం. గురువారం పొద్దున పిన్ని గడియ తీసి, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది.

"కవితాళ బస్సు ఎన్నింటికే?"

అక్కడ గదిలోంచి రాని అమ్మాయి ఒకతె ఉంది. నర్సమ్మగారు ఆ ఇంటికీ వెళ్ళేవారు. నేనూ పిన్నితో వెళ్ళాను.

"ఆమె పోయిందని తెలిసినకాడికెల్లి మెతుకు ముట్టలే," అంది అమ్మాయి తల్లి.

పిన్ని ఆ అమ్మాయి గది తలుపు పక్కన నేల మీద చాలాసేపు కూర్చుంది. తలుపు కింది సందులోంచి నాలుగు వేళ్ళు బయటికి వచ్చాయి. పాలిపోయి, గోళ్ళు పెరిగి ఉన్నాయి. పిన్ని తన చేతిని వాటి దగ్గరగా, తాకకుండా, నేల మీద ఆనించింది. ఆ వేళ్ళు మెల్లగా పాకి వచ్చి, పిన్ని వేళ్ళను ఒక్కొక్కటిగా తడిమి చూశాయి.