దొర ఎట్లాంటి రాజు

నా చిన్నప్పుడు లోకంలో రాజులు రెండే రకాలు. మంచి రాజు, చెడ్డ రాజు. కామారెడ్డికీ ఎల్లారెడ్డికీ నడుమ ఉన్న మా ఊళ్లో, మా వాడలో ఎవరికీ అక్షరం ముక్క రాదు. అందుకని ప్రార్థన గుడి పంతులు మాకు బైబిల్లోని ఇశ్రాయేలు రాజుల కథలన్నీ నోటితోనే నేర్పించాడు. గొడ్లు ఇంటికి వచ్చే వేళ పిల్లలను గుడి ముందు కూర్చోబెట్టి ఒక్కొక్క రాజు పేరూ పిలిచేవాడు. హిజ్కియా అంటే "మంచి" అనీ, అహాబు అంటే "చెడ్డ" అనీ గొంతు చించుకునేవాళ్లం. నాబోతు అనే రైతు ద్రాక్షతోట మీద ఆశపడి, అతని చావుకు కారణమైన రాజు కదా, అహాబు దగ్గర మా కేక పొరుగూరికి వినబడేది. అందరికంటే పెద్ద గొంతు నాది. ఇప్పటికీ తగ్గలేదని మా కోడళ్లు అంటారు, అననీ.

ఆ ఏడు సరిగ్గా నాట్ల వేళ మా బాపును ఊరి భూములన్నీ ఏలే దొర మనుషులు వెట్టికి పట్టుకుపోయారు. వెట్టి అంటే కూలి లేని పని. పిలిస్తే పోవాలి, అంతే. పది రోజులు బాపు దొర మడులు దున్నేసరికి మాకున్న రెండు మడుల నారు ముదిరి పసుపెక్కింది. మా అవ్వ, నన్ను కన్నతల్లి, ఆ నారంతా పీకి గట్టు మీద పారేసి, ఆ గట్టు మీదే కూర్చుని ఏడ్చింది. అవ్వ ఏడవగా చూడడం నాకదే మొదలు. దొర పేరు వింటేనే కడుపు మండిపోయేది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం దొర గుర్రం మీద పోతూ మా కేకలు విని ఆగాడు. అంటు అని మా వాడలోకి రాడు కదా, బాట మీదనే నిలబడి ఇదేం చదువని అడిగాడు. పంతులు చేతులు కట్టుకుని చెప్పాడు. దొరకు సరదా పుట్టింది. రెండు మూడు పేర్లు పిలిపించి మా జవాబులు విని నవ్వాడు. తర్వాత నా వైపు చూశాడు.

"ఏం పోరీ, గొంతు మంచిగున్నది. మరి నేనెట్లాంటి రాజును?"

నేను ఆలోచించలేదు. గట్టు మీద అవ్వే కళ్లముందు ఉంది. "చెడ్డ" అన్నాను. అహాబుకు ఎట్లా అరిచానో అట్లాగే అరిచాను.

దొర నవ్వు ఆగిపోయింది. వెనకున్న ఆయన మనిషి చేతికర్ర సర్దుకున్నాడు. మా బాపును ఈ పూటే దొర ఉండే గడికి ఈడ్చుకుపోయి కొడతారని అప్పుడు తెలిసింది నాకు, మాట పెదవి దాటాక. పంతులు వచ్చి నాకూ గుర్రానికీ మధ్య నిలబడ్డాడు.

"తప్పు చెప్పింది దొరా," అన్నాడు మెల్లగా. "మా పుస్తకంల రాజు బతికుండంగ మంచోడని రాయరు, చెడ్డోడని రాయరు. సచ్చినంకనే రాస్తరు. మీది ఇంక రాయలే. ఎట్ల రాయించుకుంటరో మీ చేతులనే ఉన్నది."

దొర కళ్లెం లాగాడు. "పంతులుకు మాటలు మంచిగొస్తయి. మెడ ఎంత గట్టిదో సూద్దాం" అని గుర్రాన్ని తిప్పాడు.

మా బాపు జోలికి ఎవరూ రాలేదు. తెల్లవారి దొర సామాను కామారెడ్డి రైలుకు పోతుంటే ఇనుప పెట్టె మాత్రం పంతులు నెత్తిన ఉంది. చదువుకున్నవాడని అంతవరకూ ఆయన్ని వెట్టికి పిలిచేవారు కాదు. మాకు పాఠం చెప్పే మనిషి మా ముందు నుంచే మెడ వంగిపోయి నడిచిపోయాడు. నన్ను దాటేటప్పుడు తల తిప్పాలని చూశాడు, తిప్పలేకపోయాడు. నోరా వీపుకు తేకే అంటారు పెద్దలు. నా నోరు నా వీపుకు తేలేదు, ఆయన మెడకు తెచ్చింది.

మూడో రోజు ఆయన తిరిగొచ్చాడని తెలిసి అవ్వ నువ్వుల నూనె కాచి నాతో పంపింది. సిగ్గుతో చచ్చిపోతున్నాను, కానీ లోపల కోపం కూడా ఉంది. నేను చెప్పింది తప్పెట్లా అయిందని అడిగేశాను.

ఆయన కోప్పడలేదు. గోడకు ఆనుకుని మనష్షే రాజు కథ చెప్పాడు. మేం ఎప్పుడూ "చెడ్డ" అని అరిచే పేరే అది. కన్నబిడ్డలను నిప్పుల్లో వేసినవాడు. అట్లాంటివాడు కూడా శత్రువుల సంకెళ్లలో పడి మోకరిస్తే దేవుడు విన్నాడట. ఆ ముక్క మాకు అంతకుముందు చెప్పలేదు. మరి మా దొర కూడా మంచోడైతడా అని అడిగాను.

"ఏమో బిడ్డా. అయితే నాకు మంచిగనిపియ్యదు. ఈ మెడ నొస్తుంటే అసలే అనిపియ్యదు. కానీ రాసే కలం నా చేతిల లేదు, నీ చేతిల లేదు." నూనె మెడకు రాసుకుంటూ మళ్లీ అన్నాడు. "మీ అవ్వ ఏడ్సింది నిజం. దొర చేసిన పని చెడ్డది. పనిని చెడ్డదని ఎన్నడైనా చెప్పు, భయపడకు. మనిషిని మాత్రం అప్పుడే ముగియ్యకు."

దొర మారాడా అంటే, నేను చూసినంత కాలం మారలేదు. ఆ ఏడు మేం జొన్న గటక నీళ్లు తాగి బతికాం. పంతులు మెడ మళ్లీ సరిగా తిరగలేదు. ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం తిరిగి చూసేవాడు. అట్లా ఆయన తిరిగిన ప్రతిసారీ నా ప్రాణం చివుక్కుమనేది. ఏళ్లు గడిచాక దొర పోయాడన్న కబురు వచ్చిననాడు వాడంతా తలా ఒక మాట అన్నారు. నా నాలుక మీద ఆ పాత మాట సిద్ధంగానే ఉంది. పంతులు గుర్తొచ్చి మింగాను. దాన్ని క్షమ అని చెప్పుకోను, నా కోపం ఇంకా చల్లారలేదు.

ఇప్పుడు నాకు చూపు ఆనదు. ప్రార్థనకు ముందు రాజుల పేర్లన్నీ ఆ నోటి చదువుతోనే వరుసగా పిలుచుకుంటాను. మంచి అంటాను, చెడ్డ అంటాను, మనష్షే దగ్గర కాస్త ఆగుతాను. అందరూ అయ్యాక చివరన నా పేరు నేనే పిలుచుకుంటాను. అక్కడ నా పెద్ద గొంతు లేవదు.