అప్పలనర్సమ్మ ఒంటిపూటలు

సూది మాట వినగానే అప్పలనర్సమ్మ కుర్చీలోంచి లేచిపోయింది.

"నానొల్లను. మాత్రలు ఇంకో నాలుగు రాయి, మింగుతాను. సూది మాత్రం నా ఒంటిమీద పడనివ్వను."

ఆ హిందీ ఊళ్ళో రైల్వే ఆస్పత్రి డాక్టరమ్మకు తెలుగు రాదు. పక్కన నిలబడ్డ కొడుకు దిలీప్ ఆ మాటల్ని హిందీలోకి మార్చి, అందులోని కోపంలో సగం తీసేసి చెప్పాడు. ఆవిడ ఓపిక గల మనిషి. ఇచ్చే మాత్రలన్నీ ఇచ్చినా మూడు నెలల సుగర్ సగటు తొమ్మిదిన్నర దాటిందనీ, ఇలాగే ఉంటే ఇన్సులిన్ తప్పదనీ మళ్ళీ మొదటినుంచి చెప్పింది. చివర్లో ఇంకో దారి కూడా చూపించింది. తిండి మార్చి, బరువు బాగా తగ్గించుకుంటే కొందరిలో ఈ జబ్బు అణిగి ఉంటుంది, మాత్రలు కూడా ఒక్కొక్కటిగా తీసేయొచ్చు, మూడు నెలలు ఆగి చూస్తానంది. "కాని తిండి తగ్గించిన రోజునే నాకు చెప్పాలి. మాత్రలు నేను తగ్గిస్తాను. ఈ మాత్రలు మింగుతూ కడుపు మాడ్చుకుంటే సుగర్ పడిపోతుంది, ప్రమాదం," అని వేలు చూపించి మరీ హెచ్చరించింది.

ఆ ఆఖరి మాట దిలీప్ తెలుగులో చెప్పేసరికి అప్పలనర్సమ్మ గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటోంది. మాత్రలు తీసేయొచ్చన్నంత వరకే ఆవిడ చెవిన పడింది.

సూది గుచ్చితే నొప్పి పుడుతుందని కాదు ఆవిడ భయం. పెనిమిటి సన్యాసిరావు రైల్వేలో గ్యాంగ్‌మన్. ఆఖరి రోజుల్లో రోజూ రెండు పూటలా అతని పొట్టకి సూది వేసింది తనే. ఇప్పుడు తన కళ్ళకి పొర కమ్మింది, సిరంజి మీద గీతలు ఆనవు. దిలీప్‌ది లోకో షెడ్‌లో షిఫ్టు డ్యూటీ, ఏ పూట ఇంట్లో ఉంటాడో తెలియదు. ఇంక మిగిలింది కోడలు ప్రత్యూష. ఆ పిల్ల ముందు చీర కుచ్చిళ్ళు జరిపి, పొట్ట చూపించి, దాని చేతికోసం ఎదురుచూస్తూ కూర్చోవాలి. ఆ తలపుకే ఆవిడకి ఒళ్ళు మండిపోయింది.

అత్తాకోడళ్ళకి మూడేళ్ళుగా మాటల్లేవు. పక్క ఊరు బిల్హాలో చుట్టాల పెళ్ళికి వెళ్ళినప్పుడు, పంక్తిలో నలుగురూ చూస్తుండగా ప్రత్యూష వచ్చి అత్తగారి విస్తట్లోంచి రెండో లడ్డూ తీసేసింది. "సుగర్ ఉంది కదా అత్తయ్యా," అని నవ్వుతూనే అంది. లాల్‌ఖదాన్ రైల్వే గేటు దగ్గర ఇడ్లీ బండి పెట్టి, అరువడిగిన వాళ్ళని గరిటెతో తరిమిన మనిషి అప్పలనర్సమ్మ. ఆ రోజు మాత్రం విస్తరి మడిచి లేచిపోయింది. అప్పట్నుంచి ఒకే క్వార్టర్లో, ఒకే వంటింట్లో, ఇద్దరూ మూడో మనిషికి చెప్పినట్టు మాట్లాడుకుంటున్నారు. మూడో మనిషి లేకపోతే కుక్కరుకో గోడకో చెబుతారు.

ఇప్పుడు తిండి తగ్గిస్తే కోడలు గెలిచినట్టే కదా. అన్నం తగ్గించమని ఆ పిల్ల మూడేళ్ళుగా గోడకి చెబుతూనే ఉంది. అప్పలనర్సమ్మ దారంతా ఆలోచించి, ఇంటికి రాగానే దేవుడి గూడు ముందు నిలబడి గట్టిగా ప్రకటించింది.

"ఒరే దిలీపూ, నాను మొక్కుకున్నాను. ఇయ్యాల్టినుంచి రోజూ ఒంటిపూటే. సోమవారం శివయ్యకి, మంగళారం ఆంజనేయుడికి, శుక్కురారం అమ్మోరికి, శనారం ఎంకన్నకి."

"మధ్యలో బుధవారం ఉందమ్మా," అన్నాడు దిలీప్.

"బుధారం మీ నాన్నకి. నోర్ముయ్."

దేవుడి మొక్కుకి ఎదురు చెప్పేవాళ్ళు ఆ ఇంట్లో లేరు. అయితే ఒంటిపూట అంటే ఆవిడ పుట్టిన ఊళ్ళో రాత్రిపూట అన్నం ముట్టకూడదనే అర్థం, అంతే. ఫలహారానికి అడ్డు లేదు. కనక సాయంత్రమయ్యేసరికి స్వయంగా పొయ్యి దగ్గర కూర్చుని ఒకరోజు పూరీలు, ఒకరోజు ఉప్మా, ఒకరోజు బంగాళాదుంప ముక్కలు దండిగా వేసిన సగ్గుబియ్యం కిచిడీ చేసుకునేది. పైన రెండు అరటిపళ్ళు, బెల్లం వేసిన పాలు. భక్తిలో లోపం ఏమీ లేదు. కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుని, ఆ మీదటే తినేది.

నెల తర్వాత ల్యాబులో వేలు పొడిపించుకుంటే సుగర్ మునుపటికంటే పెరిగింది.

ప్రత్యూష ఆ ల్యాబు కాగితం చూసి కుక్కరు మూత బిగిస్తూ అంది. "వాహ్! దేవుడికేమో ఉపవాసం, పొట్టకేమో పండగ. అన్నం మానేసి దాని తాతల్ని తింటున్నారు. ఏమండీ, మీ అమ్మగారికి చెప్పండి, సగ్గుబియ్యం కూడా పిండే అని."

"ఒరే, నీ పెల్లానికి సెప్పు, దేవుడి మాటలో దూరితే కళ్ళు పోతాయని."

"కళ్ళు ఎవరివి పోతున్నాయో రిపోర్టులో ఉంది."

దిలీప్ సగం తిన్న కంచం వదిలి డ్యూటీకి వెళ్ళిపోయాడు.

మాట పడితే ఆవిడకి పట్టుదల. మర్నాటి నుంచి ఫలహారం బంద్. సాయంత్రం గ్లాసుడు మజ్జిగ, ఒక కీరదోసకాయ, గుప్పెడు ఉడికిన శనగలు. పొద్దున్నే లేచి పట్టాల పక్క దారిన లాల్‌ఖదాన్ దాకా నడక. ఎదురొచ్చిన ఇడ్లీ బండి నాటి మనుషులు పలకరిస్తే కసిరేది, కాని నడక ఆపలేదు. మధ్యాహ్నం కుండలో అన్నం తగ్గుతూ, పక్కన ఆకుకూర పెరుగుతూ వచ్చింది. "బియ్యం దాసేత్తంది రా నీ పెల్లం, పుట్టింటికి పంపడానికి," అని కొడుకు దగ్గర తగువు పెట్టుకుంది. ప్రత్యూష మాత్రం బడిలో పిల్లలకి పాఠాలు చెప్పి వస్తూ వస్తూ దారిలో లేత తోటకూర కనిపిస్తే బేరమాడకుండా కొనుక్కొచ్చేది.

జాకెట్లు వదులయ్యాయి. నడుం దగ్గర లంగా జారింది. అప్పలనర్సమ్మ లోపల్లోపల మురిసిపోయింది. మాత్రలు మాత్రం ఒక్కటీ మానలేదు. వైద్యుడిచ్చిన మందు మానడం పాపమని ఆవిడ నమ్మకం. రెండు మూడు సార్లు సాయంత్రం వేళ చెమటలు పోసి కాళ్ళు వణికాయి. నడక ఎక్కువైందనుకుని ఊరుకుంది.

అంతలో అమ్మవారి పండుగ వచ్చింది. క్వార్టర్ల చివర తెలుగువాళ్ళు కట్టుకున్న చిన్న గుడి అది. ఆ రోజు అప్పలనర్సమ్మ మజ్జిగ కూడా ముట్టలేదు. పొద్దున మాత్రలు, సాయంత్రం మాత్రలు నీళ్ళతో మింగి, పసుపు చీర కట్టుకుని గుడికి వచ్చింది. డప్పులు మోగుతున్నాయి. పానకం బిందె అమ్మవారి ముందు ఉంది, ఇంకా నివేదన కాలేదు.

దీపం ఒకటి రెండుగా కనిపించింది. తర్వాత నాలుగు. నుదుటి మీద చెమట కారి కుంకుమ కరిగింది. చేతులు వాటంతట అవే ఊగుతున్నాయి. ఏదో అడగబోతే నాలుక మడత పడింది. పక్కింటి చిన్నతల్లి భుజం పట్టుకుంటే చెంప మీద ఒక్కటిచ్చింది.

చిన్నతల్లి చెంప పట్టుకుని, "ఓలమ్మో! అమ్మ పూనిందర్రా!" అని అరిచింది.

క్షణంలో ఆడవాళ్ళంతా చుట్టుముట్టారు. ఒకరు పసుపునీళ్ళు గుమ్మరించారు, ఒకరు వేపమండలు చేతికిచ్చారు. చిన్నతల్లి కాళ్ళ మీద పడి, "తల్లీ, మా సూర్యానికి ఉద్దోగం ఎప్పుడొస్తాది? ఒక్క మాట సెప్పు తల్లీ," అని వేడుకుంటోంది. డప్పులవాళ్ళు ఇంకా జోరు పెంచారు. ఆ గోల మధ్య అప్పలనర్సమ్మకి కూడా ఒక తలపు మెదిలింది. ఇన్నేళ్ళు కొలిస్తే ఇవాళ్టికి నా దగ్గరకొచ్చావా అమ్మా. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మోకాళ్ళు మడతపడ్డాయి.

"హటో! తప్పుకోండి అందరూ!"

ప్రత్యూష. అత్తగారు పొద్దున్నించీ ఏమీ తినలేదని, మాత్రలు మాత్రం మింగారని చూసి వెతుక్కుంటూ వచ్చింది. నుదురు తాకితే మంచులా ఉంది. అటూ ఇటూ చూసి సరాసరి పానకం బిందెలో చెంబు ముంచింది.

"ఏటే, ఏటే అది! అమ్మకి ఇంకా పెట్టలేదే! ఎంగిలి సేసేత్తావేటి, సచ్చినదానా!" చిన్నతల్లి చెయ్యి పట్టి లాగింది. "అమ్మోరికి అడ్డమొత్తావా! ఊరికి కీడే!"

"చెయ్యి వదలండి ఆంటీ. వదలకపోతే నేనూ కొడతాను."

ఆడవాళ్ళు శాపనార్థాలు మొదలెట్టారు. ఒకరు జడ పట్టారు. గుడిలో పూజ చేసే నాగభూషణం, షెడ్‌లో రిటైరైన పెద్దాయన, హారతి పళ్ళెం కింద పెట్టి మెల్లగా మధ్యకి వచ్చాడు. "అమ్మకి నాను మళ్ళీ కలుపుతాను. ముందు ఈవిడికి పట్టు తల్లీ," అని రెండో చెంబు తనే ముంచి ఇచ్చాడు. డప్పులు ఆగిపోయాయి.

మింగలేకపోతే ఆపేస్తూ, మింగగలిగితే పోస్తూ, చెంబున్నర పట్టింది. కాసేపటికి అప్పలనర్సమ్మ కళ్ళు నిలబడ్డాయి. ముందు కనిపించింది తన దవడ పట్టుకున్న కోడలు. తర్వాత నాలుక మీద బెల్లం తీపి.

"సూడండర్రా! సుగరున్న మనిషికి బెల్లం పోసి సంపేత్తంది! నలుగురూ సాచ్చికం!" అని అప్పలనర్సమ్మ అరిచింది.

మూడేళ్ళ తర్వాత ప్రత్యూష ఆవిడ మొహంలోకి చూసి మాట్లాడింది. "చావాలనుంటే మాత్రలు మింగి కడుపు మాడ్చుకుని ఇంట్లో చావండి! ఇక్కడ కాదు!" అంటూనే, అత్తగారి తడిసిన చీర చెంగు పిండి భుజం మీద కప్పింది.

మర్నాడు డాక్టరమ్మ మాత్రల పొట్లం బల్ల మీద పోసి, అందులోంచి ఒక రకం మొత్తం చెత్తబుట్టలో పడేసింది. ఇంకోటి సగం చేసింది. ఆవిడ అంత గట్టిగా అరవడం దిలీప్ ఎప్పుడూ చూడలేదు. అప్పలనర్సమ్మ కొడుకు మీద విరుచుకుపడింది.

"అయితే ముందే సెప్పొద్దేట్రా ఎదవా?"

"చెప్పానమ్మా. నువ్వు చెప్పులు వెతుక్కుంటున్నావు."

కాలనీలో సగం మంది ప్రత్యూషని చూసి మొహం తిప్పుకున్నారు. అమ్మవారు వస్తే బెల్లంనీళ్ళు పోసి వెళ్ళగొట్టిందని చిన్నతల్లి ఇంటింటికీ చెప్పింది. వాళ్ళతో పాటు తనూ రెండు మాటలు కలుపుదామని అప్పలనర్సమ్మకి నోరు దురద పెట్టింది. కాని గుడి వైపు తిరిగి దణ్ణం పెట్టినప్పుడల్లా అబద్ధం గొంతు దాటలేదు. చివరికి కుళాయి దగ్గర తగువులో, "పూనకమూ కాదు, ఏటీ కాదు. మాత్ర ఎక్కువై పడిపోయేను. నా కోడల్ని నాను తిట్టుకుంటాను, మజ్జిన మీకేటి?" అని బిందె ఎత్తుకుని వచ్చేసింది.

ఆ తర్వాత ఏ మార్పు చేసినా డాక్టరమ్మకి చెప్పే చేశారు. దిలీప్ సుగర్ చూసే చిన్న మిషను కొన్నాడు, ఇంట్లో ఉన్నప్పుడల్లా తల్లి వేలు పొడిచి చూసేవాడు. బరువు తగ్గినకొద్దీ మాత్రలు తగ్గాయి. వానాకాలం వెళ్ళేసరికి ఆఖరి మాత్ర కూడా ఆగింది. చలికాలంలో, మాత్రల్లేకుండా మూడు నెలలు దాటాక చేసిన పరీక్షలో సగటు ఆరు మీద కాస్త.

"దీన్ని రెమిషన్ అంటారు," అంది డాక్టరమ్మ. "జబ్బు పోయిందని కాదు, అణిగింది. బరువు పెరిగితే మళ్ళీ లేస్తుంది. ఇన్సులిన్ అక్కర్లేదు. వారం వారం ఇంట్లో చూసుకుంటూ ఉండండి." చెప్పి, వెంట వచ్చిన ప్రత్యూష వైపు తిరిగి మెచ్చుకోలుగా నవ్వింది.

"కడుపు కట్టుకున్నది నాను, మెచ్చుకోలు దానికేటి?" అని అప్పలనర్సమ్మ దారి పొడుగునా సణిగింది.

ఆ వారమే దిలీప్‌ని ట్రైనింగ్‌కి వేరే ఊరి షెడ్‌కి పంపారు. తొమ్మిది వారాలు. మిషను అల్మరాలో ఉండిపోయింది. మొదటి వారం అప్పలనర్సమ్మ దాని జోలికి పోలేదు. రెండో వారం దాన్ని తీసి తనే పొడుచుకుంది. చుక్క వచ్చింది కాని అది పట్టీ మీద ఎక్కడ అంటించాలో ఆనలేదు. రక్తం చీరకి తుడుచుకుని కూర్చుంది. పోనీ చూడకపోతే ఏమవుతుంది? తెలియకుండానే మళ్ళీ లేస్తుంది, డాక్టరమ్మ చెప్పనే చెప్పింది. లేస్తే సూది. సూదయితే రోజూ కోడలి చేతిలోనే.

మర్నాడు పొద్దున్న ప్రత్యూష బడికి టిఫిన్ డబ్బా సర్దుకుంటుంటే, ఆవిడ మిషను తెచ్చి గట్టు మీద పెట్టి, చెయ్యి చాచింది. గోడకి చెప్పలేదు, కుక్కరుకి చెప్పలేదు.

"పొడు."

"ఇప్పుడా? నాకు ఆటో వచ్చేస్తుంది."

"నాకూ ఆకలేత్తంది. పొడిసీసి పో."

"చెయ్యి కడుక్కున్నారా?"

"కడిగేను."

"సబ్బుతోనా?"

అప్పలనర్సమ్మ కోడల్ని కొరకొరా చూసింది. తర్వాత లేచి, కుళాయి దగ్గరకి వెళ్ళి, సబ్బు రుద్దుకుని వచ్చింది. బయట ఆటో హారన్ కొడుతోంది. ప్రత్యూష కిటికీలోంచి, "రుకో భయ్యా," అని కేకేసి, ఆ ముసలి వేలిని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని వెచ్చబడేదాకా రుద్దింది.