ఎనిమిదిన్నర వాన

ఆయన్ని వీధిలో అందరూ మిల్లీమీటరు అనేవారు. నీళ్ల ట్యాంకు దగ్గర ఆపరేటరు. మోటారు వేయడం, కట్టేయడం జీతం కోసం చేసే పని. ప్రాణం పెట్టి చేసే పని వేరే ఉంది. ట్యాంకు ఆవరణలో ఒక మూల, చిన్న కంచె లోపల, వాన కొలిచే డబ్బా ఉండేది. రోజూ ఉదయం సరిగ్గా ఎనిమిదిన్నరకు అందులోని నీటిని గీతల గాజు గొట్టంలోకి వంచి, గీత కంటికి సమంగా వచ్చేలా మోకాళ్ల మీద కూర్చుని చూసి, రిజిస్టరులో అంకె వేయాలి. వాన లేని రోజు సున్నా వేయాలి. ఆ సున్నాలు కూడా ముచ్చటగా, గుండ్రంగా వేసేవాడు. కూతురు పుట్టిన రోజున కూడా అంకె వేశాకే ఆసుపత్రికి వెళ్లాడు. ఆ సంగతి భార్య ఇప్పటికీ నెలకోసారైనా ఎత్తుతుంది.

ముప్పై ఏళ్లు ఒక్క రోజూ తప్పకుండా రిజిస్టరు నింపితే పై ఆఫీసువాళ్లు ప్రశంసాపత్రం పంపిస్తారు. ఇంకా నెల ఉంది. ఆయన అప్పుడే గోడకు మేకు కొట్టేశాడు.

ఈలోగా తోడల్లుడికి ఉత్తమ దేశభక్తుడనే పురస్కారం వచ్చి పడింది.

తోడల్లుడిది టైర్ల షాపు. కారు ముందు జెండా, ఫోను మోగితే దేశభక్తి గీతం. మైకు కనబడితే చాలు, దేశం కోసం చివరి రక్తపు బొట్టు దాకా ధారపోస్తానంటాడు. మొదటి బొట్టు ఇచ్చిన దాఖలా మాత్రం ఇంతవరకూ లేదు. రక్తదాన శిబిరంలో సూది చూసే కళ్లు తిరిగి పడిపోయాడు.

పేపర్లో అతని ఫొటో చూసి మిల్లీమీటరు కంచం ముందు నుంచి లేచిపోయాడు. ఫొటో లోపలికి పోయేలా పేపరు మడిచాడు. కాసేపాగి మళ్లీ విప్పి చూశాడు. తనలో ఇంత కుళ్లు ఉందని ఆయనకే తెలియదు.

"రేపు పొద్దున్నే ఎనిమిదింటికట సన్మాన సభ. మనం వెళ్లాల్సిందే" అంది భార్య. "వెళ్లకపోతే మా చెల్లెలు ఊరుకుంటుందా? బావగారు ఓర్వలేకపోయారంటుంది."

"ఓర్వలేకపోవడానికి నాకేం ఖర్మ?"

"అయితే ఆ ముఖం ఇంట్లో పెట్టి రండి."

హాలు ట్యాంకుకు పది నిమిషాల నడక. ఎనిమిదీ ఇరవైకి మెల్లగా జారుకోవచ్చని అనుకున్నాడు. అయితే మరదలు ఎదురొచ్చి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, మొదటి వరుసలో నడిమధ్యన కూర్చోబెట్టింది. సభ ఆలస్యంగా మొదలైంది. తోడల్లుడు మైకు అందుకునే సరికి ఎనిమిదీ ఇరవై. సరిగ్గా అప్పుడే రేకుల కప్పు మీద వాన మొదలైంది.

ఆయన సగం లేచాడు.

"అదిగో, మా అన్నయ్య!" అన్నాడు తోడల్లుడు మైకులో. "నన్ను చూసి ఎంత పొంగిపోతున్నారో చూడండి!"

హాలంతా చప్పట్లు కొట్టింది. ఇప్పుడు వెళ్లిపోతే కుళ్లుకుని వెళ్లాడంటారు. అది అబద్ధమైతే దులిపేసుకుని వెళ్లేవాడే. నిజం కాబట్టే కాళ్లు రాలేదు. మళ్లీ కూర్చున్నాడు. వేదిక మీద గడియారంలో ఎనిమిదిన్నర దాటడం ముళ్ల మీద కూర్చున్నట్టు చూస్తూ ఉండిపోయాడు.

ట్యాంకు దగ్గరికి చేరేసరికి పదీ పది. వాన వెలిసింది. ఇస్త్రీ బట్టలతోనే బురదలో మోకరిల్లి చూశాడు. పద్నాలుగు మిల్లీమీటర్లు. ఎనిమిదిన్నరకు ముందు పడిందెంత, తర్వాత పడిందెంత అన్నది ఆ డబ్బా చెప్పదు.

భోజనానికి తీసుకెళ్దామని తోడల్లుడు కారులో వచ్చాడు. చంకలో జ్ఞాపిక. సంగతి విని పకపకా నవ్వాడు.

"ఇంతేనా అన్నయ్యా! ఆరో ఏడో వేసెయ్యండి. ఎవడు చూడొచ్చాడు?"

నిజానికి ఆరే పడి ఉంటుందని ఆయన చెవి కూడా చెబుతోంది. ఆరు వేస్తే ప్రశంసాపత్రం ఇంటికి నడిచి వస్తుంది. పెన్ను కాగితం దాకా వెళ్లింది.

"నన్నెవరూ చూడరు తమ్ముడూ" అన్నాడు. "వంతెన ఎంత ఎత్తులో కట్టాలో చూసుకునేవాళ్లు మాత్రం ఈ అంకె చూస్తారు."

వేళకు చూడలేదు అని రాశాడు. పక్కన కారణం అనే గడి ఉంది. ఇన్నేళ్లలో దాంతో పని పడలేదు. బంధువుల సభ అని రాయబోయి ఆగాడు. అది కూడా ఆరు లాంటిదే. చివరికి ఒకే ఒక్క మాట రాశాడు: అసూయ.

"ఏం రాశారు?" అంటూ తోడల్లుడు వంగాడు.

"ఏం లేదు. పద, ఆకలేస్తోంది" అని రిజిస్టరు మూసేశాడు.

కారులో తోడల్లుడు జ్ఞాపికను ఆయన ఒళ్లో పెట్టాడు. బరువుగా ఉంది. దాని మీది అక్షరాలను దారి పొడుగునా వేలితో తడుముతూనే కూర్చున్నాడు.