గరుకు సుర్మా

అత్తరు దుకాణం ఎదురైతే ఇప్పటికీ నేను వీధి అవతలి పక్కకు దాటిపోతాను.

ఎల్లారెడ్డిలో మా ఇంటికి కరెంటు లేదు. బ్యాటరీలు కొనే తాహతు పోయింది. ఆ రెండూ అక్కరలేని రేడియో ఒకటి నేనే చేసుకున్నాను. చెక్కపెట్టె, చుట్టిన రాగితీగ, చెవులకు తగిలించుకుని వినే జోడు. అన్నిటికీ ప్రాణం గోరంత క్రిస్టల్ రాయి. దాన్ని సన్నని తీగమొనతో తడుముతూ పోతే ఒక్కచోట పట్నం స్టేషను పాట అందేది, అదీ ఊపిరి బిగబట్టి వింటేనే. ఆ రాయి బొంబాయి నుంచి తెప్పించాను.

దసరానాడు ఆయుధపూజకు తాతగారి తల్వారు లేదు. అది ఎప్పుడో అమ్ముడై గడప దాటిపోయింది. ఖాళీ పీటను చూడలేక దానిమీద రేడియో పెట్టె పెట్టి, రాయికి నా చేత్తోనే తడికుంకుమ బొట్టు పెట్టాను. ఆ సాయంత్రం నుంచి అది పలకలేదు. ఎంత కడిగినా లాభం లేకపోయింది. పట్నంలో చదువుకున్నవాడు చేసిన పని అది.

మా అవ్వకు పాటలంటే ప్రాణం. నన్ను కన్న ఆమెకు అప్పటికే నెలనెలకూ చెవులు మందగిస్తున్నాయి.

"కచ్చురం బండి కట్టియ్యి బిడ్డా. కామారెడ్డికి పోయి అక్క ఇంట్ల నాలుగు పాటలు ఇని వస్త."

అక్కను ఇచ్చింది ధాన్యం వ్యాపారికి. బావ పెద్ద రేడియో కొని వీధి అరుగు మీద పెట్టాడు. బండివాళ్లు, గుమస్తాలు బీడీలు కాలుస్తూ దాని చుట్టూ చేరతారు.

"అల్లుని అరుగు మీద కూసుంటవా అవ్వా? ఇంట్లనే ఇనిపిస్త," అన్నాను. మాట ఇచ్చానే గాని మరో బొంబాయి రాయి తెప్పించే దారి లేదు. ఈ రాయి సీసపు ఖనిజమనీ, కళ్లకు కాటుకలా పెట్టుకునేందుకు బజారులో అమ్మే సుర్మాలో కొంత అదేననీ ఒక పంతులు చెప్పినప్పుడు నవ్వాను. ఇప్పుడు ఆ మాట పట్టుకునే కామారెడ్డి వెళ్లాను. దరిద్రం కొద్దీ అత్తరు దుకాణం బావ అరుగుకు ఎదురుగానే ఉంది.

"కండ్లకేనా దొరా?" అన్నాడు దుకాణదారు, జిడ్డుచేతులు తుడుచుకోకుండానే.

తల ఊపాను. ఖరీదైన ముక్కలు ముందు పెట్టాడు. అన్నీ సూదుల్లా పోగులు పోగులుగా ఉన్నాయి. నాకు కావలసింది బరువైనది, విరిగినచోట నలుచదరంగా అద్దంలా మెరిసేది. చివరికి అది బల్లకాలి కింద ఎత్తు కోసం పెట్టి ఉండగా కనిపించింది.

"అది గరుకు దొరా. కంట్లె వెట్టుకుంటే కన్ను వోతది. ఊకెనే తీస్కపోండి."

జేబులో చెయ్యి పెట్టాను.

"బల్లకాలు కింది రాయికి పైసలా? ఏందయ్యా, గంత పాపం నాకెందుకు?"

అంతలో అరుగు మీది నుంచి బావ గొంతు. "ఏం బామ్మర్ది, సుర్మా సోకు ఎప్పటిసంది? ఎవలకు సూపిద్దామని?"

బండివాళ్లు నవ్వారు. బావ ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టకుండా, ఊరికే ఇచ్చిన రాయిని జేబులో వేసుకుని వచ్చేశాను. రాయికి అంటిన అత్తరు వేళ్లకు పట్టుకుంది. రెండుసార్లు సబ్బుతో, ఒకసారి బూడిదతో తోమినా వదల్లేదు.

వేలి జిడ్డు తగలనివ్వకుండా రాయిని గుడ్డలో చుట్టి పగలగొట్టి, కొత్త ముఖాన్ని తీగమొనకు ఎదురుపెట్టాను. రెండో సాయంత్రానికి పాట దొరికింది. బొంబాయి రాయికన్నా స్పష్టంగా. అది మరీ కోపం తెప్పించింది.

అవ్వ చెవులకు జోడు తగిలించాను. కళ్లు మూసుకుంది. కాలి బొటనవేలు తాళం వేసింది. పాట అయ్యాక అడిగింది.

"గీ రాయి ఏడిది బిడ్డా?"

"బొంబాయిది."

అవ్వ జోడు తీసి, నా వేళ్లు తగిలిన చోటును ముక్కు దగ్గర పెట్టుకుంది.

"బొంబాయిల గూడ గీ అత్తరే అమ్ముతరా?" అంది. నా జవాబు కోసం ఆగకుండా జోడు మళ్లీ చెవులకు పెట్టుకుంది.